కప్పిన చీరలు

లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్
జూన్ 9

స్వరూప వదినకు,

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను. సోమవారం కార్పెంటర్ దేవేందర్ మీ బట్టల గదిలో సజ్జకు తలుపులు బిగిస్తాడు. బిగించాక దాని మీద ఏముందో ఇక ఎవరూ చూడరు. నిన్న నేను చూశాను. చూసింది ఏమిటో నువ్వు నాకు చెప్పాలి.

ఫోన్ చేయవచ్చు. కానీ నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి పని చేసుకుంటావు, అన్న పక్కనే ఉంటాడు. మెసేజ్ పెడితే ఫోన్ చేతనే చదివించుకుని వింటాడు. చేతిరాత మాత్రం అన్నకు అందదు. నువ్వు రాకముందు మన ఇంట్లో బడిలో అడుగుపెట్టింది నేనొక్కదాన్నే. ఆ సంగతి తలుచుకుంటే ఎప్పుడూ గర్వం కన్నా బాధే ఎక్కువ ఉండేది. మొదటిసారి అది పనికొచ్చింది, అదీ అన్న దగ్గర ఒక మాట దాచడానికి.

నిన్న గది ఖాళీ చేయడానికి రమ్మన్నావు, వచ్చాను. బెడ్‌రూముకూ బాత్రూముకూ మధ్య ఉన్న ఆ చీకటి గది వాక్-ఇన్ క్లోజెట్ అవుతుందట. ఎవరో బిల్డర్ ఇంట్లో అన్న చూసొచ్చాడట. దేవేందర్ పాత అల్మారా లాగితే ప్లైవుడ్ టీలో నానిన బిస్కెట్ లాగా చేతికొచ్చింది. వెనక గోడ నల్లగా బూజు. బొద్దింకలు నా చేతుల మీదుగా పరుగెత్తాయి. ఏ పెళ్ళిలోనో నీకు పెట్టిన జాకెట్ గుడ్డల కట్టను కొరికి ఎలుక గూడు కట్టింది, అందులో కళ్ళు తెరవని పిల్లలు, గులాబీ రంగులో, వేలెడంత. నువ్వు మంచమెక్కి కేకలు పెడుతున్నావు. అన్న ఫోన్‌లో ఎవరితోనో "మొత్తం ఇటాలియన్ లుక్ అన్నా" అంటున్నాడు. అప్పటిదాకా నాకు కలిగిన అసహ్యం మామూలు అసహ్యమే, సబ్బుతో పోయేది.

స్టూలెక్కి సజ్జ మీది బియ్యం సంచి దింపబోతే మూతి విడిపోయింది. లోపల చీరలు. వాటి వాసన ఎలుకలది కాదు, కలరా ఉండలదీ కాదు. అత్తరు, అగరుబత్తి, పసుపు కలిసి మగ్గిన వాసన. ఒక మడత మీద బుక్కగులాల్ మరక. మడత విప్పితే రెండు పేలాలు రాలి నా పాదం మీద పడ్డాయి. ఆ వాసన నేను పోయిన సెప్టెంబరులో మీ హాల్లో పీల్చాను, అమ్మను పడుకోబెట్టినప్పుడు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి అమ్మ మీద కొత్త బట్ట కప్పుతుంటే నేను తల దగ్గర కూర్చుని ఉన్నాను.

నేను స్టూలు దిగేసరికి నువ్వు మంచం మీద పెట్టుడు చీరలు సర్దుతున్నావు. పసుపు అంచు ఆకుపచ్చ చీర తీసి, "గిది లచ్చవ్వ పెద్దమ్మకు, సంవత్సరీకం నాడు పెట్టనీకి. చూడు, ఎంత మెత్తగున్నదో" అని బుగ్గకు ఆనించుకుని నా చేతికిచ్చావు. నేను బాత్రూములోకి పరుగెత్తాను. ఎలుక పిల్లల వల్ల అనుకున్నావు.

వదినా, సంచిలో ఉన్నవి అమ్మ మీద కప్పిన చీరలేనా? ఆ ఆకుపచ్చది వాటిలోదేనా?

సింధూజ

*

తార్నాక
జూన్ 17

సింధూ పిల్లా,

నేను నీ లెక్క పుస్తకం భాష రాయలేను. పదో తరగతి పాసైనంక రాసిన మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే నవ్వకు.

ఆటో ఎక్కితే ఛాయ్ చల్లారకముందే గీడికొస్తవు, నీ ఉత్తరమేమో వారం తిరిగొచ్చింది. వచ్చి వచ్చి మీ అన్న చేతిలనే పడ్డది. ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. "ఏం రాసిందే?" అన్నడు. "హాస్టల్ల కూర మంచిగుంటలేదంట" అన్న. గంతే, ఊరికి ఫోన్ కొట్టి మామిడికాయ తొక్కు తెప్పిచ్చిండు. డ్రైవర్ చేత పంపిస్తున్న, దాంతోనే ఈ ఉత్తరం. అబద్ధానికి వచ్చిన తొక్కయినా రుచి మంచిగనే ఉన్నది, తిను.

ఇగ నీ అనుమానం. సంచిలున్నయి అత్తమ్మ పాత చీరలు. ఆమె చీరలకు ఆమె వాసన రాదా? ఆకుపచ్చ చీరలు తార్నాకల ఎన్ని లేవు? నువ్వు పెద్ద చదువుల పడి శవాల వాసన పడుతున్నవు. కొన్నొద్దులు ఆ లైబ్రరీల నుంచి బయటకొచ్చి ఎండల తిరుగు.

గది ముచ్చట విను, నవ్వొస్తది. నిలువెత్తు అద్దం వచ్చింది. పెట్టనీకి జాగ లేక హాల్ల ఆనించినం. మీ బాపు పొద్దుగాల లేచి వచ్చి, ఎవరో పెద్దమనిషి వచ్చిండనుకొని "రాండ్రి, కూసోండ్రి" అన్నడు. అవతలాయన కూసోకపాయె, ఈయన కూసోకపాయె. ఇద్దరు నిలవడ్డరు.

దేవేందర్ గోడ గోకితే లోపలంత తడి. బాత్రూం మురికినీళ్ళ పైపు ఎప్పుడో పగిలిందంట, ఆ నీళ్ళే గోడ తాగుతున్నదంట. ముక్కు మూసుకోకుంట ఆ గదిల నిలవడలేం. గోడ పగలగొట్టి పైపు మార్చాలె అంటడు దేవేందర్. మీ అన్న "గంత టైమేడున్నది? లామినేట్ కొట్టు, కనవడది" అంటడు. సంవత్సరీకానికి చుట్టాలొచ్చేసరికి గది తయారుండాలె ఆయనకు.

పెద్దమ్మ జాకెట్ కొలత తెచ్చిపెట్టు. సంవత్సరీకం అయ్యేదాకా ఈ ముచ్చట మళ్ళ ఎత్తకు. మా తల్లివి గదా.

నీ వదిన
స్వరూప

*

లేడీస్ హాస్టల్
జూలై 6

వదినా,

తొక్కు నేనూ నా రూమ్మేట్ ప్రిస్కిల్లా కలిసి తిన్నాం. సీసా ఖాళీ అయ్యింది, నా అనుమానం అట్లాగే ఉంది. అసలు అది అనుమానం కాదు, అందుకే మళ్ళీ రాస్తున్నాను.

అమ్మ పోయిన రోజు పొద్దున లచ్చవ్వ పెద్దమ్మ ఊరి నుంచి ఉత్త చేతులతో బస్సు దిగింది. వస్తూనే నా భుజం పట్టుకుని, "బిడ్డా, నా చెల్లె మీద బట్ట కప్పకుంట నేనెట్ల సాగనంపుదు" అంది. ఆమెను నేనే లాలాపేట్‌కు తీసుకుపోయాను. ఇంకా షాపులు తెరవలేదు. ఒకాయన షట్టరు సగం ఎత్తి ఊడ్చుకుంటుంటే బతిమాలాం. అమ్మకు ఆకుపచ్చ ఇష్టమని నేనే ఆ చీర తీశాను. విప్పి చూస్తే అంచు పక్కన జానెడు మేర ఒక పోగు లేదు. నేతలో తప్పు. షాపాయనే చూపించి, ఇంకోటి ఇస్తానన్నాడు. పెద్దమ్మ వద్దంది. "సచ్చినదానికి గంత తప్పుంటే ఏమైతది బిడ్డా. కట్టుకుంటదా, వంక పెడతదా" అంది. అని, ఆ షాపు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

నువ్వు బుగ్గకు ఆనించుకున్న చీర నా చేతికిచ్చావు కదా. ఆ పోగు లేని చోట నా వేలు తగిలింది.

పెద్దమ్మకు కూడా తగులుతుంది. నాకు పట్టుకున్న భయం అదే. ఆమెకు చూపు తగ్గింది కాబట్టి ఏ బట్టనైనా వేళ్ళతో తడిమే చూస్తుంది. సొంత చెల్లెలి శవం మీద తాను కప్పిన చీరను ఏడాది తిరిగేసరికి అందరి ముందూ, భోజనాలయ్యాక, తాంబూలంతో పాటు ఆమె ఒడిలోనే పెడతావా?

మన ఊళ్ళో ఆ బట్టలు వీరస్వామి తాతవి. చితి మీద పెట్టే ముందు తీసి, మన ఇంటి బట్టలు ఉతికిన ఆయనకే ఇస్తారు. అది ఆయన తాత నాటి నుంచీ వస్తున్నది. "వీరస్వామికి పంపిన" అని అన్న బాపుతో చెప్పడం నా చెవులతో విన్నాను. మరి అవి నీ సజ్జ మీదికి ఎట్లా వచ్చాయి? చీరలు పట్టక ఒక గదే కట్టిస్తున్నారు. ఇంకా శవం మీది చీరలకు కూడా ఆశపడ్డావా?

నీ మీద నాకు రోత పుడుతోంది వదినా. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

సింధూజ

*

తార్నాక
జూలై 24

సింధూజకు,

నీ ఉత్తరం బాత్రూంల తలుపేసుకొని చదివిన. అక్కడ కూసుంటే పగిలిన పైపు చప్పుడు వినవడతది, బొట్టు బొట్టు. ఆ చప్పుడుల నీ ఆఖరి మాట రెండుసార్లు చదువుకున్న.

పీహెచ్‌డీ చేస్తున్నవు, గింత ఆలోచన రాలే నీకు? ఆడోళ్ళం మనం శ్మశానానికి పోలే. వాకిట్లనే ఆగినం. మరి ఆ చీరలు నేనెట్ల తెస్త?

మీ అన్న తెచ్చిండు. కారు డిక్కీల. అక్కడ కాటికాపరి "ఇవన్నీ తీసుకపోండ్రి సారూ" అంటే గీడ ఎవలకియ్యాల్నో తెల్వక మూట కట్టి డిక్కీల ఏసిండు. మూడోనాడు తెరిస్తే వాసన. "స్వరూపా, జర సజ్జ మీద పడేయ్, వీరస్వామికి పంపిస్త" అన్నడు. అప్పుడు నిజంగనే పంపుదామనుకున్నడు. ఆ మాట నేను ఒప్పుకుంట.

పదోనాడు వీరస్వామి తాత తనకు తనే వచ్చిండు. ఊరి నుంచి బస్సుల వచ్చి, అడుగుకుంట అడుగుకుంట గేటు కాడికొచ్చి నిలవడ్డడు. "బిడ్డా, అమ్మ బట్టలు తీసుకపోదామని వచ్చిన" అన్నడు. పక్కింటి బ్యాంకు సారు బాల్కనీల పేపర్ చదువుతున్నడు. మీ అన్న ఆయన దిక్కు చూసిండు, తాత దిక్కు చూసిండు. "అన్ని కాలవెట్టినం తాతా. గీడ పద్ధతి గట్లనే" అన్నడు. ఎందుకు? ఆ మూట పట్టుకొని తాత మన గేటుల నుంచి రోడ్డు మీదికి పోతే కాలనీల ఏమనుకుంటరో అని. నేను కిటికీ కాడ ఉన్న. తాత "కాలవెట్టిన్రా" అన్నడు. చెంబుల నీళ్ళిస్తే తాగకుంట పోయిండు.

ఇగ ఆకుపచ్చ చీర. ఎండాకాలం ఆ గదిల వాసన పెరిగింది. మీ అన్న ఊర్ల లేనప్పుడు సంచిల నుంచి కొన్ని తీసి, సరిగ చూడబుద్ధిగాక ముఖం తిప్పుకొనే ఉతికి, మిద్దె మీద ఆరేసిన. ఉతికి ఎవలన్న లేనోళ్ళకిద్దామని. నేను కిందికొచ్చి వంటల పడ్డ. పనికొచ్చే సాలమ్మ మిద్దె మీది బట్టలన్ని తెచ్చి, ఇస్త్రీ చేయించి, పెట్టుడు చీరల దొంతిల కలిపింది. పాపం ఆమెకేం తెలుసు.

ఆ దొంతి ముందు ఎన్నిసార్లు కూసున్ననో. ఏది ఏందో తెల్వలే. నీకన్న పోగు తప్పిన చీర ఒకటి దొరికింది. నాకేం దొరికింది? నువ్వే చెప్పు సింధూ, మనింట్ల పెట్టుడు చీర ఎవలన్న కట్టుకోనీకి కొంటరా? గృహప్రవేశంల వాళ్ళు పెడతరు, మనం అదే ఇంకోళ్ళ ఒడిబియ్యంల పెడతం, వాళ్ళు ఇంకోళ్ళకు. ఎవ్వరు మడత విప్పరు. సచ్చినోళ్ళకు కొన్నది, బతికినోళ్ళకు కొన్నది పక్కపక్కన పెడితే తేడానే లేదు. నాకు రోత పుట్టింది గక్కడ. నీ కన్న ముందే పుట్టింది.

అందుల నుంచి ఒకటి మా చెల్లె ఒడిబియ్యానికి పెట్టిన. ఒకటి నేను కట్టుకున్ననేమో. నీ సెమినార్‌కు పంపిన నీలం చీర కూడ ఆ దొంతిలదే. అది ఏదో నాకు తెల్వది. ఒట్టు, తెల్వది.

ఆకుపచ్చ చీర పెద్దమ్మకని నేను తియ్యలే, అది మంచిదేనని నాకు నేను చెప్పుకోనీకే ఆనాడు బుగ్గకు ఆనించుకున్న. మీ అన్ననే దొంతిల నుంచి తీసి "గిది పెద్దమ్మకు మంచిగుంటది, ఆకుపచ్చ" అన్నడు. ఇప్పుడు వద్దంటే ఎందుకంటడు. చెప్తే తాతకు చెప్పిన అబద్ధం, బాపుకు చెప్పిన అబద్ధం అన్ని బయటకొస్తయి. నువ్వు తిట్టి హాస్టల్ల పడుకుంటవు. నేను గీ ఇంట్ల ఉండాలె.

గది అయిపోవచ్చింది. గాజు తలుపులు, తీస్తే లోపల లైట్లు వాటంతటవే వెలుగుతయి. తెల్ల లామినేట్ కొట్టిన్రు. దాని మీద చెయ్యి పెడితే సల్లగ తగులుతది. లోపల పైపు అట్లనే ఉన్నది.

నీ ఉత్తరంల ఏమున్నదని మీ అన్న అడిగిండు. నీ రూంల ఫ్యాన్ పాడైందని చెప్పిన. కొత్త టేబుల్ ఫ్యాన్ వస్తది. తీసుకో.

స్వరూప

*

లేడీస్ హాస్టల్
ఆగస్టు 14

వదినా,

నీ మీద రాసిన ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. రోత పోలేదు, కానీ అది వెళ్ళవలసిన చోటు నువ్వు కాదు.

ఫ్యాన్ వచ్చింది. ప్రిస్కిల్లా దాని ముందు జుట్టు ఆరబెట్టుకుంటూ, "ఇంకో ఉత్తరం రాయవే, ఈసారి ఫ్రిజ్జు వస్తుందేమో" అంది. తర్వాత సంగతంతా చెప్తే నవ్వు ఆపేసింది.

నీలం చీర బయటకు తీశాను. మడతమడతా విప్పి చూశాను. మరక లేదు, పేలాలు లేవు, వాసన కూడా లేదు. నీకు తెలియనట్టే నాకూ తెలియలేదు. అది కట్టుకుని నేను డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ నిలబడి మాట్లాడాను. మా సార్ "చాలా బాగా వచ్చిందమ్మా" అన్నారు. ఆ కొంగుతో చెమట తుడుచుకున్నాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మెడ దగ్గర గోక్కుంటున్నాను. చీరను వరండాలో తీగ మీద వేశాను. వాన వస్తే కూడా తీయబుద్ధి కాలేదు. ప్రిస్కిల్లానే వెళ్ళి తీసుకొచ్చి, "చీరకేం తెలుసే, ఎవరి మీద ఉందో" అంది.

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. మా నాయనమ్మ పోయినప్పుడు ఆమె మీద ఎర్ర చీర కప్పారు. కొన్నాళ్ళకు వీరస్వామి తాత భార్య అదే చీర కట్టుకుని మా ఇంటికి బట్టల మూట కోసం వచ్చింది. అమ్మ ఆమెను చూసి, "నీకు మంచిగ నప్పింది" అంది, నిజంగానే మెచ్చుకుంటూ. నేను అక్కడే ఆడుకుంటున్నాను. ఎవ్వరికీ రోత కలగలేదు, నాకూ కలగలేదు. అదే రకం చీర నా ఒంటి మీద ఉండిందేమోనన్న అనుమానం వచ్చేసరికి నాకు అన్నం సయించలేదు. ఆమె ఒంటికీ నా ఒంటికీ ఏం తేడా ఉందని? జవాబు నాకు తెలుసు. ఆ తెలిసిన జవాబే ఇప్పుడు అన్నిటికన్నా రోతగా ఉంది.

అందుకే ఆ సంచిని ఇప్పుడు వీరస్వామి తాతకు పంపమని నేను అడగడం లేదు. మనం ముట్టలేనిది మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడం కుదరదు. ఆయనకు మనం ఇవ్వవలసింది చీర కాదు, నిజం. ఆ చీరలు ఏం చేయాలో ఆయన ఏమంటే అది.

ఇక నువ్వు చేయవలసింది రాస్తున్నాను. ఈ ఉత్తరం కూడా అన్న చేతికే వస్తుంది. తిప్పి చూసి "ఏం రాసింది" అంటాడు. ఈసారి కూర అనవద్దు, ఫ్యాన్ అనవద్దు. అన్నను ఆ గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. తలుపు తీస్తే లైట్లు వెలుగుతాయి కదా, ఆ వెలుతురులో చదివి వినిపించు. ఇప్పటిదాకా రాసింది కూడా చదువు. ఒక్క మాట మార్చకు. కోపం వస్తే నా మీదికి రానీ. అందుకే నా పేరుతో రాస్తున్నాను.

అన్నా, ఇక్కడి నుంచి నీకు.

నువ్వు బడికి పోవలసిన ఈడులో బర్రెల వెంట పోయావు, తర్వాత నీళ్ళ ట్యాంకర్ ఎక్కావు. అందుకే నేను ఇక్కడ కూర్చుని ఈ అక్షరాలు రాయగలుగుతున్నాను. అది మరిచిపోయి రాస్తున్నానని అనుకోకు. కూర బాగా లేదంటే తొక్కు పంపేవాడివి, ఫ్యాన్ లేదంటే ఫ్యాన్ పంపేవాడివి నువ్వు. నాకు ఏది లేదని విన్నా ఆగలేవు. అట్లాంటివాడివి, ఎవరో సారు పేపర్ చదువుతూ చూస్తున్నాడని, అమ్మను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషిని గేటు బయటి నుంచే పంపేశావు. నువ్వు చేసింది రోత పని అన్నా. ఇంతకన్నా మెత్తని మాట దొరకక వెతికి వెతికి ఇదే రాశాను.

ఆకుపచ్చ చీర పెద్దమ్మకు పెట్టవద్దు. అది ఆమె కప్పిన చీర. అంచు పక్కన తడిమి చూడు, పోగు లేదు. ఆ విషయం ఆమెకు నువ్వే చెప్పాలి, సంవత్సరీకానికి ముందు, ఎవరూ లేనప్పుడు. ఆమె ఏడుస్తుంది, తిడుతుంది. పడు. తర్వాత బాపుకు చెప్పు. ఆ తర్వాత మనిద్దరం ఊరికి పోదాం, వీరస్వామి తాత ఇంటికి. మూటతో కాదు, ఉత్త చేతులతో. ఆయన గుమ్మం ముందు నువ్వు నిలబడు, నేను నీ పక్కన నిలబడతాను. లోపలికి రమ్మంటే పోదాం. నీళ్ళిస్తే తాగుదాం. ఇవ్వకపోతే తిరిగొద్దాం.

ఇంకొకటి. ఆ లామినేట్ ఊడదీయించి పైపు బాగు చేయించు. కనబడకపోయినా ఆ గోడ పక్కన రోజూ బట్టలు మార్చుకునేది వదిన.

సంవత్సరీకం సెప్టెంబరు 4న. పెద్దమ్మ ఆగస్టు 31న ఊరి నుంచి బయలుదేరుతుంది. బస్టాండుకు పోయి తీసుకొచ్చేది నేనే. అక్కడి నుంచి తార్నాక దాకా ఆటోలో ఆమె పక్కన కూర్చుని నేను ఏం మాట్లాడాలో నువ్వే నిర్ణయించాలి. నువ్వు చెప్తానంటే నేను నోరు మెదపను. చెప్పనంటే ఆటో దిగేలోపు నేనే చెప్తాను.

ఆగస్టు 30 లోపల నాకు జవాబు రావాలి. ఫోన్ వద్దు. అక్షరాలు వదిన రాయనీ, మాటలు మాత్రం నీవి కావాలి.

నీ చెల్లె
సింధూజ